నూతిలో పుర్రెలు

మా తమ్ముడు మురళి ఫోన్ చేసినప్పుడు నేను ఏలూరులో మా వంటింట్లో చారుకి చింతపండు పిసుకుతున్నాను. వాడు చేస్తే మామూలుగా మామిడితోట సంగతులే చెబుతాడు. పూత ఎలా వచ్చింది, మంచు ఎంత దెబ్బ తీసింది, నూజివీడు మార్కెట్లో రసాలు ఎవరు అడుగుతున్నారు, ఇవే. ఆ రోజు మాత్రం వాడి గొంతు వేరుగా ఉంది. "అక్కా, మన పాత నుయ్యి బయటపడింది," అన్నాడు. చెయ్యి కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేకుండా స్టూలు మీద కూలబడ్డాను. ఆ నుయ్యి పూడ్చేసేటప్పటికి వాడింకా ఉయ్యాల్లో పిల్లాడు. వాడికి అది విన్న కథ. నాకు మాత్రం, జుట్టు నెరిసి మనవల్ని ఎత్తుకున్నాక కూడా, తోటలో ఆ పల్లపు మూలకి ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేదు.

రెడ్డిగూడెం దగ్గరి మా తోటలో ఆ మూలే నీటికుంట తవ్విస్తున్నాడట. పొక్లెయిన్ బకెట్టు పాత నూతి గోడని చీల్చిందట. లోపల గుండ్రంగా, తెల్లగా, తలకాయల్లాంటివి కనపడేసరికి డ్రైవరు ఇంజను ఆపేసి, "ఇవి పుర్రెలండీ, నా వల్ల కాదు," అని కిందికి దిగిపోయాడట. సాయంత్రానికల్లా ఆ ఫొటోలు మండలం మొత్తం ఫోన్లలోకి ఎక్కాయి. పోలీసులొచ్చి చూసి వెళ్ళారు. ఆ ఫొటోలు చూసే ఎక్కడో యూనివర్సిటీలో రాళ్ళ గురించి చదువు చెప్పే ఒకావిడ తన స్టూడెంట్లతో దిగింది. "అవి అసలు ఎముకలే కావంట అక్కా," అన్నాడు మురళి. "సముద్రంలో పెరిగేవంట. నువ్వొకసారి రా. నేను చెబితే నమ్మవు." నిజంగానే నమ్మలేదు. పొయ్యి మీద పప్పు అడుగంటి వాసన వస్తున్నా లేచి కట్టెయ్యలేదు. ఎముకలు కాకపోతే మరి మా ఇంట్లో జరిగిందంతా ఏమిటి?

మా ఇల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసనే. వేసవి వస్తే నట్టింటి పక్కగది నిండా వరిగడ్డి పరిచి, దాని మీద రసాలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగబెట్టేవాళ్ళు. ఆ గది తలుపు తీస్తే వెచ్చటి తీపి వాసన మొహానికి కొట్టేది. మా పరుపులకీ బట్టలకీ పుస్తకాలకీ అదే వాసన. ఆ గది పెత్తనమంతా నాయనమ్మది. తెల్లవారుజామున మొహం కడుక్కుని, నుదుట కాసంత బొట్టు పెట్టుకుని, గడ్డిలోకి చెయ్యి దూర్చి కాయల్ని చూడకుండానే తడిమేది. ఏది ఇవాళ తినాలో, ఏది రేపటికి ఆగాలో వేళ్ళతోనే చెప్పేది. మెత్తబడ్డ కాయ ముచ్చిక దగ్గర ఒకసారి వాసన చూసి నా చేతిలో పెట్టేది. ఏ చెట్టు ఈ ఏడు కాస్తుందో, ఏ మబ్బు వడగళ్ళు తెస్తుందో, ఎవరి జ్వరానికి ఏ కషాయమో ఆవిడ చెప్పడమూ, మేం వినడమూ. నాన్న అంతటివాడు కూడా ఆవిడ ఎదురుగా గొంతు పెంచేవాడు కాదు. తప్పు చెప్పినా తడుముకోకుండా చెప్పేది. చిన్నప్పుడు అదే మాకు పెద్ద ధైర్యం.

సత్యం బాబాయికి పెళ్ళై రాజ్యం పిన్ని మా ఇంటికొచ్చింది అలాంటి రోజుల్లోనే. పిన్నిది మైలవరం. సన్నగా పొడుగ్గా ఉండేది. ఏదైనా కొత్తది కనపడితే ఆగి, వంగి, చేతిలోకి తీసుకుని చూసేదాకా ముందుకు కదిలేది కాదు. బంగారు పురుగైనా, పిచ్చుక ఈకైనా సరే. నాయనమ్మకి ఆ పిల్లంటే ఎంత ముద్దో చెప్పలేను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చోబెట్టుకుని తనే తల దువ్వి జడ వేసేది. గడ్డిలోంచి మొదటి రసం తీసి ఎవరికీ చూపించకుండా పిన్ని కొంగులో వేసేది. ఆవకాయ పెట్టే రోజు మా అమ్మని కాదని పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవపిండి ఎంత, కారం ఎంత, నూనె ఎప్పుడు పోయాలో నేర్పింది. అమ్మ దానికి కొంచెం ఉడుక్కుంది కూడా. కొన్నాళ్ళకి పిన్ని నీళ్ళోసుకుందని తెలిశాక నాయనమ్మ కాలు నేల మీద నిలవలేదు.

ఆ వేసవే తోటలో నుయ్యి ఎండిపోయింది. అంతకుముందే కరెంటు మోటారు పెట్టించారు. అది గురగురమని బురద తోడి ఆగిపోయింది. చెట్ల నిండా పిందె. నీళ్ళు పెట్టకపోతే రాలిపోతుంది. నాన్నా బాబాయీ ఆలోచించుకుని నుయ్యి లోతు చేయించడానికి మనుషుల్ని పెట్టారు. కింద రాయి తగిలింది. తూటాలు పెట్టి పేల్చారు. ఆ పేలుడికి మా ఇంట్లో కిటికీ రెక్కలు కొట్టుకునేవి. మధ్యాహ్నం అన్నాల క్యారియరు తీసుకుని అమ్మతో, పిన్నితో నేనూ వెళ్ళాను. నూతి పక్కన బూడిదరంగు మట్టీ రాళ్ళూ గుట్టగా పోసి ఉన్నాయి. ఆ గుట్టలో పుర్రెలున్నాయి. పుర్రెలని నేను అప్పుడూ అనుకున్నాను, మొన్న మొన్నటిదాకా అనుకున్నాను. గుమ్మడికాయంత గుండ్రటివి, పైన మెలికలు మెలికలుగా గీతలున్నవి. వాటి పక్కన చేతివేళ్ళ కణుపుల్లాంటి ముక్కలు, పక్కటెముకల్లా వంకర తిరిగిన ముక్కలు. పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. అమ్మ నా కళ్ళు మూసింది. ఆవిడ వేళ్ళ సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. పిన్ని మాత్రం గుట్ట దగ్గరికి నడిచి, వంగి, ఒక చిన్న ముక్క తీసుకుని పైట చెంగుతో తుడిచింది. "చూడక్కా, ముగ్గేసినట్టు లేదూ?" అంది అమ్మతో. నేనూ చూశాను. ఆ ముక్క మీద చిన్న చిన్న నక్షత్రాలు, ఒకదాన్నానుకుని ఒకటి, ఎవరో కూర్చుని చెక్కినట్టు ఉన్నాయి. పిన్ని దాన్ని ఇంటికి తెచ్చుకుని అద్దం పక్కన పెట్టుకుంది.

నాయనమ్మ బండి కట్టించుకుని వెళ్ళి గుట్ట చూసింది. చూసి ఒక్క మాటే అంది. "శ్మశానం మీద నుయ్యి తవ్వాం. పూడ్చెయ్యండి." బాబాయి గట్టిగానే ఎదురు చెప్పాడు. ఇంకో రెండు నిలువుల లోతు దిగితే నీళ్ళు పడతాయని బతిమాలాడు. వినలేదు. తీసిన రాళ్ళన్నీ మళ్ళీ లోపలే పోసి, పైన ఎర్రమట్టి కప్పి, నిమ్మకాయలు కోసి పడేసి వచ్చారు. పిన్ని అద్దం పక్కనున్న ముక్క సంగతి తెలిశాక నాయనమ్మ మొహం ఎలా మారిపోయిందో నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. అది కోపం కాదు, భయం. "కడుపుతో ఉండి చచ్చినవాళ్ళ ఎముక ఇంట్లోకి తెస్తావుటే?" అని, ఆ ముక్కని పాతగుడ్డలో చుట్టి పట్టించుకుపోయి తనే నూతిలో వేయించింది. ఆ ఏడు పల్లంలో చెట్లు ఎండిపోయాయి. దూరం నుంచి పీపాలతో నీళ్ళు తోలించి నాన్న మిగిలినవి బతికించుకున్నాడు.

పురిటికి పిన్ని మైలవరం వెళ్ళింది. కొన్నాళ్ళకి వాళ్ళ అన్నయ్య ఒక్కడే సైకిలు మీద వచ్చి, అరుగు మీద కూర్చోకుండానే నాన్నతో ఏదో చెప్పాడు. లోపల నాయనమ్మ గోడకి జారగిలబడి, "నేను చెప్పలా? నేను చెప్పలా?" అని తలబాదుకుంది. బిడ్డ దక్కలేదని మాకు తెలిసింది అలాగే. అంతకు మించి పిల్లలకెవరూ చెప్పలేదు, మేం అడగనూ లేదు. అడిగే సంగతి కాదని ఇంట్లో పెద్దల నడకని బట్టే తెలిసిపోయింది. పిన్ని తిరిగొచ్చాక నాయనమ్మ ఆవిడ తల దువ్వలేదు. తిట్టనూ లేదు. ఆవకాయ కలిపే రోజు, "నువ్వు అవతలుండమ్మా," అంది, అంతే. కాయలు మాగబెట్టే గదిలోకి రానివ్వలేదు. జాడీలు ముట్టుకోనివ్వలేదు. నా చేతికి కాయ ఇచ్చేటప్పుడు పిన్ని గుమ్మం అవతల నిలబడి చూస్తుండేది. బాబాయి కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక రోజు పిన్నిని తీసుకుని మైలవరం వెళ్ళిపోయి పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళకి వాళ్ళకి అరుణ పుట్టింది. నాయనమ్మ ఆ పిల్లని చూడటానికి వెళ్ళలేదు, వెళ్ళాలని ఉన్నా. ఊయల్లో వెయ్యడానికని పాత చీరలన్నీ తీసి బొంత కుట్టించి నాన్నతో పంపింది. శ్మశానం తవ్వించిన ఇంటి దోషం తన వెంట వచ్చి ఆ పిల్లకేమవుతుందోనని ఆవిడ భయం. ఇదంతా నాకు పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

మురళి ఫోన్ చేసిన మర్నాడు హనుమాన్ జంక్షన్లో బస్సు మారి తోటకి వెళ్ళాను. పల్లంలో పెద్ద గొయ్యి. దాని ఒక పక్క గోడంతా నీళ్ళు కొట్టి, బ్రష్షులతో తోమి శుభ్రం చేసి ఉంది. నిచ్చెన దిగాను. పగటి వెలుగులో, ఎదురుగా, చిన్నప్పుడు వేళ్ళ సందులోంచి చూసిన పుర్రెలు వరసలు వరసలుగా ఉన్నాయి. రాళ్ళ చదువు చెప్పే ఆవిడ పేరు సునీత. నా కూతురి వయసుంటుంది. మోకాళ్ళదాకా బురద. నా చెయ్యి పట్టుకుని దింపింది.

"ఇవి పగడాలండీ," అంది. "మొత్తం కలిపి పగడపు దిబ్బ. ఆ గుండ్రటివీ పగడాలే. ఈ వేళ్ళలాంటివి కొమ్మలుగా పెరిగే రకం. ఈ వంకరగా ఉన్నవి ఆల్చిప్పల అంచులు."

"మనుషులవి కావా?"

"మనిషి అనేవాడు అప్పటికింకా పుట్టలేదండీ. డైనోసార్లు తిరిగే కాలం. ఇక్కడంతా సముద్రం ఒడ్డు."

ఇంకా చాలా చెప్పింది. పగడాలకి తేటనీళ్ళు కావాలంట, ఎండ లోపలికి దిగాలంట. ఇక్కడ మాత్రం ఏదో పెద్ద నది బురద తెచ్చి కుమ్మరిస్తూ ఉండేదట. పగడాల వరసల మధ్య బూడిదరంగు మట్టి చారలు వేలితో చూపించింది. బురద కప్పినప్పుడల్లా కిందివి ఊపిరాడక చచ్చిపోయేవట. వాటి మీద మళ్ళీ కొత్తవి పట్టుకుని, దొరికిన కాస్త వెలుతురు కోసం పళ్ళేల్లా వెడల్పుగా పరుచుకుని పెరిగేవట. "ఇంత మురికినీళ్ళలో ఎలా బతికాయో చూద్దామనే వచ్చామండీ. ఇలాంటివి అరుదు," అంది. ఆ అమ్మాయి కళ్ళు మెరుస్తున్నాయి. ఒక పుర్రె మీద చెయ్యి వేశాను. గరుగ్గా, చల్లగా ఉంది. ఎవరి తలా కాదు. ఎవరూ చచ్చిపోయి మా తోటలో లేరు. ఎన్నడూ లేరు. మా నాయనమ్మ భయం, మా బాబాయి ఇల్లు విడిచిపోవడం, గుమ్మం అవతల నిలబడ్డ పిన్ని, అన్నీ ఒక్కసారి నా మీద విరుచుకుపడ్డాయి. "ఇది మీకు ఇప్పుడా తెలిసింది?" అని ఆ అమ్మాయి మీద అరిచాను. "ఇంత ఆలస్యంగానా?" ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. మురళి వచ్చి నన్ను పైకి తీసుకెళ్ళి మంచినీళ్ళు తాగించాడు.

ఆ పూటే మైలవరం వెళ్ళాను. బాబాయి పోయి చాలాకాలమైంది. పిన్ని అరుణ దగ్గరే ఉంటుంది. కింద అరుణ బట్టల షాపు, పైన ఇల్లు. నేను వెళ్ళేసరికి పిన్ని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నడుం వంగింది కానీ చూపు తగ్గలేదు. అరుణ నాకు మజ్జిగ తెచ్చి పక్కనే కూర్చుంది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. పిన్ని మెడ మీద ఇన్నేళ్ళుగా ఉన్న బరువు నేను దించబోతున్నానని నా నమ్మకం. ఆ ఆనందం ఆపుకోలేక కూర్చోగానే చెప్పేశాను.

"పిన్నీ, మన నూతిలో దొరికినవి ఎముకలు కావు. పగడాలు. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట."

"సముద్రమా? రెడ్డిగూడెంలోనా?"

"అవును. నేను చూసే వచ్చాను. నువ్వు తెచ్చుకున్న ముక్క కూడా పగడమే. అందులో చెడ్డేమీ లేదు పిన్నీ. నాయనమ్మ పొరపాటు పడింది."

పిన్ని చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. "అయితే నా బిడ్డ ఎందుకు పోయింది?" అంది.

నేను ఆవిడ దగ్గరికి జరిగాను.

"మీ నాయనమ్మ అన్నప్పుడు ఏడ్చానే వసూ. కానీ లోపల నేనూ అదే అనుకున్నా. ముట్టుకోకూడనిది ముట్టుకున్నా, అందుకే పోయింది అనుకున్నా. ఏదో ఒకటి ఉంది కదా అనుకుని బతికా. ఇప్పుడు నువ్వొచ్చి అదీ లేదంటున్నావు."

"ఏ బిడ్డమ్మా?" అంది అరుణ.

మేమిద్దరం తల తిప్పి చూశాం. అరుణ నా మజ్జిగ గ్లాసు పట్టుకుని లేచి నిలబడి ఉంది. ఆ పిల్లకి తెలియదు. పెళ్ళై, పిల్లల్ని కని, షాపు నడుపుతున్న మనిషికి తనకంటే ముందు ఒకరు పుట్టారన్న సంగతే తెలియదు. నేను చెప్పడానికి నోరు తెరిచేలోగా పిన్ని లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. అరుణకి నాకు తెలిసినంత చెప్పాను. చెబుతుంటే నాకు తెలిసింది ఎంత తక్కువో తెలిసొచ్చింది.

తెల్లారి పిన్ని తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని హాల్లోకి వచ్చింది. "నన్ను అక్కడికి తీసుకెళ్ళండి," అంది. అరుణ కారు తీసింది. బాబాయితో వెళ్ళిపోయాక పిన్ని ఆ తోటలో అడుగుపెట్టలేదు. నాయనమ్మ పోయినప్పుడు కూడా ఇంటి వాకిట్లోనే నిలబడి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. గొయ్యి ఒక పక్క పొక్లెయిన్ దిగడానికి వాలుగా తవ్వి ఉంది. అటునుంచి మురళీ, అరుణా చెరో చెయ్యీ పట్టుకుని దింపారు. సునీత తన స్టూలు తెచ్చి వేసింది. పిన్ని కూర్చోలేదు. గోడ దగ్గరిదాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, చిన్నపిల్లలా అడిగింది.

"ముట్టుకోవచ్చామ్మా?"

"ముట్టుకోండమ్మా. ఏం కాదు."

పిన్ని అరచెయ్యి ఆనించింది. తర్వాత రెండో చెయ్యి. అలాగే వేళ్ళతో తడుముకుంటూ పక్కకి నడిచి, నక్షత్రాలున్న చోట ఆగింది. సునీత ఒక్కొక్క నక్షత్రంలో ఒక్కొక్క ప్రాణి ఉండేదని చెప్పింది.

"ఇవన్నీ ఎందుకు పోయాయి?" అంది పిన్ని.

"కొన్ని బురద ఎక్కువై పోయాయమ్మా. అది కనిపిస్తోంది. మిగతావి ఎందుకు పోయాయో తెలీదు."

"తెలీదా?"

"తెలీదమ్మా. ఎంత వెతికినా కొన్నిటికి కారణం దొరకదు."

పిన్ని ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. బురద చేతిని పట్టుకుని, "మా ఇంట్లో ఆ మాట ఒక్కరూ అనలేదమ్మా," అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆవిడ ఏడవడం చూడటం అదే మొదలు. ఆ కాలంలో మా ఇంట్లో అన్నిటికీ జవాబుండేది. జ్వరానికీ, వడగళ్ళకీ, చావుకీ. ఆ జవాబుల నీడలో నేను హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు నా మనవలు అడిగేవాటిలో సగానికి తెలీదనే చెబుతుంటాను. అది నా చేతకానితనం అనుకునేదాన్ని.

తిరుగుదారిలో అరుణ నడుపుతూ నడుపుతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "అమ్మా, నాకంటే ముందు పుట్టింది అన్నా, అక్కా?" అని అడిగింది.

"అక్కేనే," అంది పిన్ని. "జుట్టు ఎంత ఒత్తో. చెవుల మీదికి పడి ఉంది. ఒకసారి చూపించి తీసుకెళ్ళిపోయారు."

నేను వెనకసీట్లో కూర్చుని వింటున్నాను. ఆడపిల్ల అని ఇన్నేళ్ళకి తెలిసింది. అరుణ కారు పక్కకి తీసి ఆపింది.

"పేరేమన్నా అనుకున్నావా అమ్మా?"

పిన్ని వెనక్కి తిరిగి నా వంక చూసింది. "మీ నాయనమ్మ పేరే," అంది. "ఆవిడకి చెప్పలేదు. బిడ్డని ఒళ్ళో పెట్టి చెబుదామనుకున్నా."